రచ్చబండ మీద పేరులేని మనిషి

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడా కుదించి అచ్చు వేస్తున్నాం.)

 

పొద్దున్నుంచీ భూముల గురించీ, కేసుల గురించీ విన్నారు. ఇప్పుడు నాకిచ్చిన విషయం వికీపీడియా. అన్నాలు తిన్న తర్వాత ఈ ఫోన్ల గోల మనకెందుకని పెద్దవాళ్ళు కొందరు గుసగుసలాడుతున్నారు, వినబడుతూనే ఉంది. ఒక్క పని చేయండి. పక్కనున్న పిల్లవాడి ఫోనులో మీ ఊరి పేరు కొట్టించండి. తెలుగు వికీపీడియాలో మన రెండు రాష్ట్రాల ఊళ్ళకు వేలకొద్దీ పేజీలున్నాయి. చాలావాటిలో 2011 జనాభా లెక్కల నుంచి ఎత్తిరాసిన వాక్యాలుంటాయి. ఇన్ని ఇళ్ళు, ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు, షెడ్యూల్డు కులాల జనాభా ఇంత. వాడలో మనం ఎన్ని తరాల నుంచి బతుకుతున్నా ఆ పేజీలో మనకు దక్కింది ఆ ఒక్క అంకె. కిందికి పోతే గుడి ఉంటుంది, చెరువు ఉంటుంది, కొన్నిచోట్ల గ్రామ ప్రముఖులని ఒక వరస ఉంటుంది. ఆ వరసలో చెరువు తవ్వినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి.

అది మారాలంటే ఎవర్ని అడగాలి? ఎవర్నీ అడగక్కర్లేదు. మార్చు అనే మీట ఉంటుంది, నొక్కి రాయడమే. పేరు కూడా చెప్పనక్కర్లేదు. అయితే మీరు రాసింది ఇంకొకడొచ్చి కొట్టేయొచ్చు, వాడూ పేరు చెప్పనక్కర్లేదు. మరి అక్కడ తగువు తీర్చేదెవరు? నోరు పారేసుకున్నవాణ్ణి ఆపేదెవరు? పేరు లేనివాణ్ణి రానియ్యాలా, వాకిలి మూసెయ్యాలా? ఈ నాలుగు మాటలే ఇవ్వాళ నేను చెప్పేది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. 2001 జనవరి 15న అమెరికాలో జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. తెలుగులో 2003 డిసెంబరులో పుట్టింది. రాసేవాళ్ళకు జీతాలుండవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వికీమీడియా ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది. అది కంప్యూటర్లు నడుపుతుంది, చందాలు పోగేస్తుంది, మామూలుగా రాతల జోలికి రాదు. రాసేది, దిద్దేది, కొట్లాడుకునేది అంతా జనమే. మన పదో తరగతి పిల్లలు ప్రాజెక్టు పని ఇక్కణ్ణుంచే ఎక్కించుకుంటారు. విలేకరి కూడా ఊరు గురించి రెండు ముక్కలు కావాలంటే ఇక్కడే చూస్తాడు. ఇప్పుడు అడిగిందానికల్లా జవాబు చెప్పే కృత్రిమ మేధ యంత్రాలొచ్చాయి గదా, అవీ దీన్ని చదివే నేర్చుకున్నాయి. కాబట్టి ఇక్కడ తప్పు పడితే పది చోట్ల తప్పు పడుతుంది.

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళంతా కూడి మాట్లాడుకునే పేజీకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? రచ్చబండ! ఆ పేరు పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు, వాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ మాట వినగానే మన తాతలకు గుర్తొచ్చేది వేరు. రాగి చెట్టు కింద అరుగు, అరుగు మీద పెద్దమనుషులు, ఎదురుగా ఎండలో తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డ మన మనిషి. తగువు మనది, తీర్పు వాళ్ళది. ఆ అరుగెక్కి కూర్చున్న మాల మాదిగ ఎవడన్నా ఉన్నాడా? ఈ కొత్త రచ్చబండ మీద మాత్రం ఎక్కేటప్పుడు ఎవరూ ఇంటిపేరు అడగరు. అడగరు గాబట్టే ఎక్కగలుగుతున్నాం. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి, తర్వాత చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు లెక్కల పుస్తకం సంగతి చెప్తాను. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊరి దస్త్రం కరణం చేతిలో ఉండేది. అడంగల్లో ఒక గీత కొట్టి ఇంకో పేరు రాస్తే మన రెండెకరాలు రాత్రికి రాత్రే ఇంకొకడివి అయ్యేవి. ముందేముండేది, ఎవడు మార్చాడు, ఎప్పుడు మార్చాడు అని అడిగే దారే లేదు. వికీపీడియా పేజీకి పైన 'చరిత్ర' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఆ పేజీ పుట్టిననాటి నుంచి జరిగిన మార్పులన్నీ తేదీతో, గంటతో వరసగా కనపడతాయి. పాత రాత పోదు. ఎవడు ఏ ముక్క తీసేశాడో, ఏ ముక్క చేర్చాడో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. మరీ నీచమైన తిట్లు, ఒకరి ఇంటి అడ్రసు, ఫోను నంబరు వంటివైతే వాటిని దాచేసే అధికారం కొందరికుంది. మిగతావన్నీ ఎవరైనా చూడొచ్చు. కరణం దస్త్రానికి ఇట్లాంటి చరిత్ర మీట ఉండి ఉంటే ఈ పొద్దు మన భూమి కేసుల్లో సగం ఉండేవి కావు.

ఇప్పుడు పేరులేని మనిషి దగ్గరికొద్దాం. ఇందాక ముందు వరసలో పెద్దాయన అడిగారు: 'పేరు చెప్పుకోలేనోడి మాటకు విలువేంది నాయనా?' సరైన ప్రశ్న. దీని మీద ప్రపంచమంతా కొట్టుకుంది. రెండు కథలు చెప్తాను, రెండూ జరిగినవే.

అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అని ఒక పెద్ద పాత్రికేయుడుండేవాడు. తెల్లవాడే. 1961లో నల్లజాతివాళ్ళూ, తెల్లవాళ్ళూ ఒకే బస్సులో కలిసి కూర్చుని ప్రయాణించే పోరాటం జరిగినప్పుడు ఆయన ప్రభుత్వం తరఫున అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీకి వెళ్ళాడు. అక్కడ తెల్ల మూక దాడిలో పోరాటకారుల్ని కాపాడబోయి, తల మీద దెబ్బ తిని స్పృహ తప్పి పడిపోయాడు. అట్లాంటి మనిషి. 2005 మేలో ఎవడో పేరు లేకుండా వికీపీడియాలో ఆయన పేజీ రాశాడు, కెనడీ సోదరుల హత్యల్లో ఈయన చెయ్యుందని అనుమానపడ్డారని! పచ్చి అబద్ధం. అది నాలుగు నెలలకు పైగా అట్లాగే ఉండిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. ఆ నవంబరులో ఆయన యూఎస్ఏ టుడే పత్రికలో రాసి అడిగితే గానీ లోకానికి తెలీలేదు. తర్వాత ఆ రాసినవాడు దొరికాడు, తోటి ఉద్యోగిని ఆటపట్టించడానికి రాశానన్నాడు. ఉద్యోగం వదులుకున్నాడు. సీగెన్‌థాలర్ అతని మీద కేసు వేయలేదు, పైగా ఉద్యోగంలోకి మళ్ళీ తీసుకోమని యజమానికి చెప్పాడు. దొడ్డ మనిషి. ఆ గొడవ తర్వాత ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివాళ్ళు కొత్త పేజీలు పెట్టకుండా ఆపారు. ఉన్న పేజీలు దిద్దడం మాత్రం ఆపలేదు.

రెండో కథ. అప్పట్లో ఖాతా లేకుండా రాస్తే పేరు బదులు ఐపీ చిరునామా పడేది. అంటే ఏ నెట్ కనెక్షన్ నుంచి రాశారో చెప్పే అంకెల వరస, మన ఇంటి నంబరు లాంటిది. 2007లో వర్జిల్ గ్రిఫిత్ అనే కుర్రాడు వికీస్కానర్ అని ఒక పనిముట్టు తయారుచేశాడు. ఏ ఆఫీసు కంప్యూటర్ల నుంచి ఏ పేజీ మార్చారో అది బయటపెట్టేది. చూస్తే ఏముంది? ఓటింగు యంత్రాలు చేసే డీబోల్డ్ కంపెనీ చిరునామా నుంచి ఆ యంత్రాల మీద వచ్చిన విమర్శల పేరాలు ఎగరగొట్టి ఉన్నాయి. సీఐఏ చిరునామాల నుంచి మార్పులున్నాయి. పెద్ద పెద్ద కంపెనీల చేతులు ఎన్నో బయటపడ్డాయి. పేరులేనివాడంటే ఆకతాయి కుర్రాడే అనుకుంటాం. సూటూ బూటూ వేసుకున్నవాడు కూడా చీకట్లో గోడ దూకుతాడు.

ఈ రెండూ విని మన పెద్దాయన తల ఊపుతున్నారు, చూశావా నేను చెప్పలా అని. ఆగండి పెద్దాయనా. అందరూ అసలు పేరుతోనే రాయాలని రూలు పెట్టారనుకుందాం. అమెరికా సంగతేమో గానీ, మన దగ్గర పేరంటే ఉత్త పేరేనా? ఇంటిపేరేంది అంటారు. ఏ ఊరంటారు. ఊళ్ళో ఎక్కడంటారు. మూడో ప్రశ్నకల్లా కులం తేలిపోతుంది. హాస్టల్లో చదివే మన పిల్ల ఒకతి తన ఊళ్ళో జరిగిన దాడి గురించి అసలు పేరుతో రాస్తే, రాత్రికల్లా ఆ పేరు ఊరికి చేరుతుంది. తెల్లారేసరికి వాళ్ళ నాయన పనిచేసే కమతం దగ్గర ఏమవుతుందో ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పాలా? కోర్టులో సాక్షులు ఎందుకు తిరుగుతారో తెలిసిన మనం, రాసేవాణ్ణి పేరు చెప్పమని ఎట్లా అడుగుతాం? పేరు దాచుకోవడం దొరకు సరదా. మనకది ప్రాణరక్షణ.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2024 జూలైలో ఏఎన్ఐ వార్తా సంస్థ తన పేజీలో ఉన్న రాతల మీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది. రెండు కోట్ల నష్టపరిహారం అడిగింది. ఆ రాసిన ముగ్గురి వివరాలు ఇమ్మని కోర్టు ఆదేశించింది. చివరికి నవంబరులో ఒక ఒప్పందానికొచ్చారు: వాళ్ళ వివరాలు బయటపెట్టకుండా ఫౌండేషనే వాళ్ళకు సమన్లు అందజేయాలని. మధ్యలో ఆ కేసు గురించి రాసిన పేజీనే తీసేయమని హైకోర్టు అంది, తీసేశారు. 2025 మే 9న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఢిల్లీలో ఇంత గొడవ జరిగితే, మండల కేంద్రంలో కూర్చుని ఎమ్మెల్యే గురించి రాసేవాడి పరిస్థితి ఏంటో ఆలోచించండి.

ఖాతా లేనివాళ్ళ ఐపీ అందరికీ కనపడే పద్ధతిని కూడా ఇప్పుడు మార్చారు. 2024 చివర్లో కొన్ని భాషల్లో మొదలుపెట్టి, 2025లో ఇంగ్లీషు దాకా తెచ్చారు. ఐపీ బదులు ఒక తాత్కాలిక పేరు పడుతుంది, 90 రోజులుంటుంది. అసలు ఐపీ నిర్వాహకులకూ, కాపలా కాసే కొద్దిమందికీ మాత్రమే తెలుస్తుంది. దీంతో ఒకటి పోయింది: బయటివాళ్ళెవరూ ఇక వికీస్కానర్ లాంటిది పెట్టి కంపెనీలను పట్టుకోలేరు. ఒకటి వచ్చింది: పంచాయతీ ఆఫీసు కంప్యూటర్ మీద కూర్చుని రాసిన మన తమ్ముడి జాడ ఊళ్ళో దొరకు తెలీదు. నన్నడిగితే ఈ బేరం మనకు లాభమే. కంపెనీవాడికి ఖాతా తెరుచుకుని దాక్కునే దారి ఎప్పుడూ ఉంది. ఐపీతో పట్టుబడింది ఎక్కువగా తెలివి తక్కువవాళ్ళు, ఏమీ తెలియనివాళ్ళు.

సరే, పేరు అడగొద్దన్నాం. మరి దేన్ని అడగాలి? నడతను అడగాలి. ఎట్లా అడుగుతారో ఒక ఊహతో చెప్తాను. చుండూరు తీసుకుందాం. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపారు. అర్ధరాత్రి ఎవడో తాత్కాలిక పేరుతో వచ్చి 'హత్యాకాండ' అన్నచోట 'ఇరువర్గాల ఘర్షణ' అని మార్చాడనుకోండి. ఒక్క మాటే. ఆ ఒక్క మాటతో చంపినవాడూ, చచ్చినవాడూ సమానమైపోతారు. మీకు రక్తం ఉడుకుతుంది. వెంటనే పాత మాట మళ్ళీ పెడతారు, తప్పు లేదు. వాడు మళ్ళీ తీస్తాడు. మీరు మళ్ళీ పెడతారు. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడేది! ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో ఒక రోజులో మూడుసార్లకు మించి ఎదుటివాడి రాత కొట్టేస్తే, ఎవరిది న్యాయమని కూడా చూడకుండా నిరోధిస్తారు. అంటే కొన్నాళ్ళు రాయనివ్వరు. వాడు వీథి రౌడీ, వాడికి పోయేదేం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తాడు. పోయేది మీ ఖాతా, మీ పరువు.

అందుకని రెండోసారికే ఆగిపోవాలి. పక్కనే 'చర్చ' పేజీ ఉంటుంది, అక్కడికి పోవాలి. ప్రత్యేక కోర్టు తీర్పేముంది, పత్రిక ఏ తేదీన ఏం రాసింది, పౌరహక్కులవాళ్ళ నివేదిక ఏమంది, వరసగా పెట్టాలి. 2007లో చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. అది రాయండి. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. అదీ రాయాల్సిందే. మనకు గుండె మండే తీర్పు గదా అని దాచిపెడితే, దాచిపెట్టినవాడు మీరేనని చరిత్ర మీట చూపిస్తుంది. ఆ తర్వాత వాడి పేజీలో ఒక హెచ్చరిక రాయాలి. వినకపోతే నిర్వాహకులకు ఫిర్యాదు పెట్టాలి, ఏ మార్పు ఏ గంటకు చేశాడో లింకులతో సహా. నిర్వాహకులంటే రచయితలే ఎన్నుకున్న రచయితలు. వాళ్ళు వాణ్ణి ఒక రోజో, వారమో, ఎప్పటికీనో నిరోధించవచ్చు. గుంపుగా వచ్చి పడుతుంటే పేజీకే తాళం వేయొచ్చు, కొత్తవాళ్ళెవరూ ముట్టకుండా.

నిరోధంలో ఒక తిరకాసుంది. ఫోనులో నెట్ వాడేవాళ్ళకు ఐపీ సొంతంగా ఉండదు. ఒకే అంకె కింద వేలమంది ఉంటారు, గంట గంటకూ మారుతుంది. తిట్టినవాణ్ణి ఆపాలని ఆ అంకెల గుంపునంతా మూసేస్తే, ఒక దొంగ కోసం వీథంతా కర్ఫ్యూ పెట్టినట్టు. ఇంట్లో సొంత కనెక్షను ఉన్నవాడికి ఏమీ కాదు. ఫోను తప్ప గతి లేనివాళ్ళకు 'మీరు రాయడానికి వీల్లేదు' అని వస్తుంది. ఎవరు వాళ్ళు? మనమే! అట్లా వస్తే కంగారు పడొద్దు, మీ తప్పేం లేదు. ఇంకో చోట నుంచి ఖాతా తెరుచుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చేదు మాట. ఆ రచ్చబండ మీద పాటించే మొదటి మర్యాద ఏందంటే, రాతను విమర్శించు, రాసినవాణ్ణి కాదు. వినడానికి బాగుంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆచరణలో ఏమవుతుంది? చదువుకున్న పెద్దకులం మనిషి ఒకడు చాలా వినయంగా వస్తాడు. 'గౌరవనీయులైన మిత్రులారా, ఈ పేరాకు తగిన ఆధారాలు లేవని నా అభిప్రాయం' అని మెత్తగా రాసి మన చరిత్ర మొత్తం పీకేస్తాడు. మన పిల్ల కడుపు మండి 'మీరు తరతరాలుగా చేస్తున్నది ఇదే' అంటుంది. నిర్వాహకుడు చూస్తే ఒకరు మర్యాదగా ఉన్నారు, ఒకరు అరుస్తున్నారు. హెచ్చరిక ఎవరికి పోతుంది? అరిచినవాళ్ళకే. మర్యాదగా మాట్లాడు అన్న మాట మనం దొరల వాకిట్లో ఎన్నిసార్లు వినలేదు! మెత్తటి కత్తికి కూడా కోత ఉంటుందని కనిపెట్టే నిర్వాహకులు కావాలి. అది రూలు రాస్తే రాదు, ఆ కోత పడ్డవాళ్ళు ఆ పనిలో ఉంటే వస్తుంది. నిర్వాహకులు కావాలంటే ఏళ్ళ తరబడి తీరిక కావాలి, జీతం లేని పని. తీరిక ఎవరికి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

2021లో ఫౌండేషను అన్ని భాషల వికీలకూ వర్తించే ఒక ప్రవర్తనా నియమావళి తెచ్చింది. ఏయే విషయాలెత్తి మనిషిని అవమానించకూడదో అందులో ఉంది: జాతి, మతం, లింగం, వైకల్యం... వాటితోపాటు కులం! ఆ మాట ఉంది. ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చున్న సంస్థ కాగితం మీదికి కులం అన్న మాట ఎక్కింది. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ నియమావళి పేరెత్తండి. కులం పేరుతో తిడితే అది 'వ్యక్తిగత తగాదా' కాదని చెప్పడానికి మన చేతిలో ఉన్న కాగితం అది.

తీర్పు చెప్పేవాళ్ళ మీద కూడా కన్ను ఉండాలి. 2019లో ఇంగ్లీషు వికీలో ఒక పాత నిర్వాహకుణ్ణి, తోటివాళ్ళను వేధిస్తున్నాడని ఫౌండేషను ఒక ఏడాది వెలివేసింది. ఫిర్యాదు చేసినవాళ్ళ రక్షణ కోసమని సాక్ష్యాలు బయటపెట్టలేదు. మాకు చెప్పకుండా పైనుంచి తీర్పేంటని ఇరవైమందికి పైగా నిర్వాహకులు పదవులు వదిలేశారు. చివరికి అక్కడి రచయితలు ఎన్నుకున్న మధ్యవర్తుల సంఘం విచారించి వెలి ఎత్తేసింది, నిర్వాహకుడి హోదా మాత్రం తిరిగివ్వలేదు. ఇందులో ఎవరి పక్షం తీసుకోవాలి? నాకు రెండూ గుర్తొస్తాయి. సాక్షి పేరు బయటపడితే ఏమవుతుందో మనకు తెలుసు. మూసిన తలుపుల వెనక తీర్పు ఎట్లా ఉంటుందో కూడా మనకు తెలుసు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు దాచాలి, తీర్పుకు కారణం దాచకూడదు. నేను అక్కడ నిలబడతాను.

ఇక కులాల పేజీలు. అబ్బో, అదొక తిరునాళ్ళ! పుట్టిన ప్రతి కులమూ క్షత్రియులమే అంటుంది. ఒకడు తన కులానికి రాజుల వంశం అంటగడతాడు, ఇంకొకడొచ్చి పీకుతాడు, పీకినవాడికి బెదిరింపులు. ఇంగ్లీషు వికీలో ఈ బాధ పడలేక పదేళ్ళ పైనుంచే దక్షిణాసియా కులాల పేజీలకు ప్రత్యేక ఆంక్షలు పెట్టారు. అల్లరి చేస్తే అక్కడికక్కడే ఆపేస్తారు. చాలా పేజీలకు తాళం ఉంది. ఖాతా తెరిచి 30 రోజులు దాటి, 500 మార్పులు చేసినవాళ్ళే ముట్టుకోగలరు. ఆ తాళం దొంగనూ ఆపుతుంది, ఇంటివాణ్ణీ ఆపుతుంది. అందుకే చెప్తున్నా, అవసరం పడ్డ రోజున ఖాతా తెరిస్తే లాభం లేదు. ఈ రోజే తెరవండి. అక్షర దోషాలు దిద్దండి, బడి పేరు చేర్చండి, చెరువు విస్తీర్ణం రాయండి. 500 అదే అవుతుంది.

తెల్లదొరల కాలంలో రాసిన కులాల పుస్తకాలను అక్కడ ఆధారంగా తీసుకోవడానికి ఒప్పుకోరు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు వేశాడు గదా, అట్లాంటివి. క్షత్రియులమని చెప్పుకునేవాళ్ళకు అది గొడ్డలిపెట్టు. మనల్ని నేరస్తులనీ, మురికివాళ్ళనీ రాసిన రాతలకూ అదే గొడ్డలి. ఇది మనకు మేలు చేసిన రూలు.

మేలు చేయని రూలు ఇంకోటి ఉంది. అచ్చులో లేనిది రాయకూడదు. డక్కలివాళ్ళు తరాలుగా పాడే జాంబపురాణం ఎవరో పుస్తకం వేస్తేనే ఆధారం, డక్కలాయన నోట చెబితే కాదు. అచ్చు ఎవరి చేతిలో ఉంది? 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ పత్రిక పెడుతూ, డబ్బులిస్తాం ప్రకటన వేయండంటే కేసరి పత్రిక వేయలేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో దళిత విలేకరి కోసం వెతికి, ఒక్కడూ కనపడలేదని పయనీర్ పత్రికలో రాశాడు. మన గురించి రాయనివాళ్ళు రాస్తేనే మనం ఉన్నట్టు లెక్క! 2011లో మనదేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ కొందరు ఊళ్ళకు పోయి ముసలివాళ్ళు చెప్పింది రికార్డు చేసి, నోటిమాట కూడా ఆధారమేనని వాదించారు, దాని మీద ఒక సినిమా కూడా తీశారు. రూలు మాత్రం కదల్లేదు. కదిలేదాకా మనం చేయాల్సింది అచ్చు వేయడం. ఈ చిన్న పత్రికలు, కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు తేదీ వేసి, ప్రచురణకర్త పేరు వేసి గ్రంథాలయాల్లో చేర్చండి. మనం అచ్చు వేసిన ప్రతిదాన్నీ అక్కడ ఒప్పుకుంటారని చెప్పను. తేదీ లేనిదాన్ని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

కార్యకర్తలకు రెండు హెచ్చరికలు. మనకు ఊరేగింపు అలవాటు. ఏదైనా గొడవొస్తే యాభైమందిని తోలుకుపోదామనిపిస్తుంది. అక్కడ తలలు లెక్కపెట్టరు, మాట లెక్కపెడతారు. యాభైమంది కొత్త ఖాతాలు ఒకే రోజు ఒకే మాట రాస్తే, అది ఒకడు వేసిన యాభై వేషాలో, తోలుకొచ్చిన మందో అని అందర్నీ కలిపి తోసేస్తారు. ఒక మనిషికి ఒక ఖాతా. సంఘం పేరుతో ఒకటి తెరిచి పదిమంది వాడటం కూడా కుదరదు. ఖాతా పేరులో మీ పేరూ, ఊరూ, ఫోను నంబరూ రానియ్యొద్దు. రెండోది, మన నాయకుల గురించి రాసేటప్పుడు 'ఆశాజ్యోతి', 'అలుపెరగని యోధుడు' అని పోస్టరు భాష వాడొద్దు. భాగ్యరెడ్డి వర్మ గురించి రాయాలంటే, 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించాడని రాయండి, ఆధారం పెట్టండి. యోధుడో కాదో చదివేవాడికి తెలుస్తుంది. పక్కనున్న పొగడ్తను పీకే వంకతో అసలు విషయాన్ని కూడా పీకేస్తారు, మనమే సందిచ్చినట్టవుతుంది.

వెనక నుంచి ఒక చెల్లెలు చీటీ పంపింది. 'ఎవరైనా నన్ను బూతులు తిడితే, నా ఫోటో వెతికి పెడితే ఏం చేయాలి?' అని. అమ్మా, జవాబు రాయొద్దు. ముందు ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకో. నీ పేరూ, ఫోటో వంటి సొంత వివరాలైతే రచ్చబండ మీద అందరి ముందూ ఫిర్యాదు పెట్టొద్దు, పెడితే ఇంకా పదిమంది చూస్తారు. నిర్వాహకులకు ఈ-మెయిలు పంపే దారి ఉంది, అట్లాంటివాటిని చరిత్రలోంచి కూడా దాచేస్తారు. ఆడపిల్లలు అక్కడ రాసేవాళ్ళలో ఎప్పుడూ తక్కువే, దానికి ఈ బూతులు ఒక కారణం. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని రాయండి, ఎవరి ఖాతాలో వాళ్ళు. 2015లో మన ఆడబిడ్డలే దళిత చరిత్ర మాసం మొదలుపెట్టి, కలిసి కూర్చుని వికీపీడియాలో రాశారు.

రేపు పొద్దున ఎనిమిదింటికి ఇదే హాల్లో ఫోన్లతో కూర్చుంటాం. ఒక్కొక్కరూ మీ ఊరి పేజీ తెరిచి, ఏమీ మార్చకుండా ముందు చరిత్ర మీట నొక్కి చదవండి. ఎవరు ఎప్పుడు ఏం చేర్చారో, ఏం తీశారో కాగితం మీద రాసుకురండి. ఊరి గురించి అచ్చులో ఉన్నది ఏదున్నా, పాత పేపరు ముక్క గానీ, బడి వార్షికోత్సవ సంచిక గానీ, కోర్టు కాగితం గానీ తెచ్చుకోండి. ఛార్జర్లు మర్చిపోవద్దు, ఇక్కడ ప్లగ్గులు నాలుగే ఉన్నాయి.